కోట ఊళ్ల పాత అచ్చుబొమ్మలు: గీసినవాడు ఎక్కడ నిలబడ్డాడు?

ఈ ఎపిసోడ్‌లో నా మాటలకంటే స్క్రీన్ మీద బొమ్మల్నే ఎక్కువ గమనించండి. ఫ్రాన్స్‌లో కోటగోడలున్న ఊళ్లని పదహారో శతాబ్దం నుంచి పద్ధెనిమిదో శతాబ్దం దాకా రాగిరేకుల మీద చెక్కి, కాగితం మీద అచ్చు వేసి అమ్మారు. ఆ పాత ఎన్‌గ్రేవింగ్‌లు ఇప్పటికీ పాత పుస్తకాల దుకాణాల్లోనూ, వేలంపాటల్లోనూ దొరుకుతూనే ఉంటాయి. ఫ్రేము కట్టి గోడకి తగిలిస్తే చాలా అందంగా ఉంటాయి. చిక్కల్లా ఆ అందంతోనే. మనం బొమ్మని చూసి "ఆహా, ఆ రోజుల్లో ఊరు ఇలా ఉండేదన్నమాట" అని నమ్మేసి ముందుకి వెళ్లిపోతాం.

నేను ఈరోజు అడిగే ప్రశ్న ఒక్కటే. ఈ బొమ్మ గీసినవాడు ఎక్కడ నిలబడ్డాడు? ఊరి లోపలా, బయటా, కొండ మీదా, లేకపోతే ఎక్కడా నిలబడకుండా ఊహలోనా? దీనికి జవాబు వెతకడం మొదలుపెడితే బొమ్మ మాట్లాడటం మొదలుపెడుతుంది.

మొదటి బొమ్మ చూడండి. ఇది పక్కనుంచి చూసిన ఊరు. ఒక పొడుగాటి గోడ, మధ్యలో బురుజులు, గోడ వెనక ఇళ్ల కప్పులు, వాటి మీదుగా చర్చి శిఖరాలు. ఇలాంటి బొమ్మని ఫ్రెంచివాళ్లు 'ప్రొఫీల్' అనేవాళ్లు. మనిషి మొహాన్ని పక్కనుంచి చూసినట్టు, ఊరిని పక్కనుంచి చూడటం. రెండో బొమ్మ చూడండి. అదే ఊరు, కానీ నేరుగా పైనుంచి. ఇది 'ప్లాన్'. వీధులు గీతలైపోయాయి, గోడ ఒక నక్షత్రం ఆకారంలోకి మారిపోయింది. 1634లో క్రిస్తోఫ్ తాస్సాన్ అనే ఆయన, రాజుగారి భూగోళ శాస్త్రజ్ఞుడు, ఫ్రాన్స్‌లోని ముఖ్యమైన ఊళ్లన్నిటి ప్లాన్లూ ప్రొఫీళ్లూ కలిపి పుస్తకంగా వేశాడు. అడ్డంగా ఉండే చిన్న సైజు పుస్తకం, బొమ్మలు మాత్రం వందల్లో. పుస్తకం పేరులోనే ఈ రెండు మాటలూ ఉన్నాయి.

ఒకే ఊరికి రెండు రకాల బొమ్మలు ఎందుకు కావలసొచ్చాయో తెలియాలంటే కోటగోడ సంగతి కొంచెం తెలియాలి. ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే అసలు విషయమంతా ఇక్కడే ఉంది.

ఫిరంగులు గట్టిపడక ముందు కోటగోడకి ఎత్తే బలం. ఎంత ఎత్తుంటే నిచ్చెనలు వేసి ఎక్కడం అంత కష్టం. 1494లో ఫ్రాన్స్ రాజు ఎనిమిదో చార్లెస్ ఇటలీ మీదకి వెళ్లినప్పుడు వెంట తీసుకెళ్లిన ఫిరంగుల ముందు ఈ ఎత్తయిన గోడలు నిలబడలేకపోయాయి. ఎత్తుగా, సన్నగా ఉన్న గోడ ఫిరంగికి మంచి గురి, అంతే. అప్పుడు ఇటలీ ఇంజనీర్లు గోడని కిందకి దించేశారు. పొట్టిగా, మందంగా, వెనక మట్టి నింపి కట్టారు. ముందు వెడల్పాటి అగడ్త తవ్వారు. అగడ్త అవతల నేలని వాలుగా, బయటికి పోయే కొద్దీ పల్లంగా చదును చేశారు. దూరం నుంచి వచ్చే ఫిరంగి గుండు ఆ మట్టి వాలుకి తగులుతుంది తప్ప గోడకి తగలదు.

బురుజు ఆకారం కూడా మారింది. మన గోల్కొండలో చూస్తారు కదా, బురుజులు గుండ్రంగా ఉంటాయి. గుండ్రటి బురుజు కాళ్ల దగ్గర ఒక చిన్న జాగా ఉంటుంది, పక్క బురుజు మీద నుంచి కాల్చినా గుండు అక్కడికి చేరదు. శత్రువు ఆ జాగాలోకి చేరిపోతే హాయిగా కూర్చుని గోడ కింద తవ్వుకోవచ్చు. దీనికి విరుగుడుగా బురుజుని ఈటె మొన లాగా కోణాలతో కట్టారు. అప్పుడు ప్రతి బురుజు ముఖమూ పక్క బురుజు తుపాకులకి పూర్తిగా కనిపిస్తుంది. దాక్కునే చోటు మిగలదు. రెండు బురుజుల మధ్య గోడకి ముందు, అగడ్తలో, మూడు కోణాల దిబ్బ ఒకటి వేసేవాళ్లు. దాన్ని 'అర్ధచంద్రం' అనే అర్థమొచ్చే మాటతో పిలిచారు, ఆకారంలో చంద్రుడి పోలిక పెద్దగా లేకపోయినా. ఇవన్నీ కలిసి పైనుంచి చూస్తే నక్షత్రం.

ఇప్పుడు ప్రశ్నకి రండి. గోడ కిందకి దిగిపోయింది. దాని ముందు మట్టి వాలు లేచింది. అలాంటి ఊరికి ఎదురుగా నిలబడితే ఏం కనిపిస్తుంది? గడ్డి మొలిచిన మట్టికట్ట, దాని పైన చర్చి శిఖరాలు, ఇంకేం లేదు. కోటలో బలమంతా కంటికి కనపడకుండా కూర్చుంది. అంటే ఇంజనీరు ఎంత గొప్పగా కడితే, పక్కనుంచి గీసే చిత్రకారుడికి గీయడానికి అంత తక్కువ మిగిలింది. పాత గోడలున్న ఊరి ప్రొఫీలు గంభీరంగా ఉంటుంది, కొత్త కోట ఊరి ప్రొఫీలు చప్పగా ఉంటుంది. కోట ఏమిటో తెలియాలంటే పైనుంచే చూడాలి.

కానీ పైనుంచి చూసినవాడు ఎవడూ లేడు! మనుషులు బెలూన్‌లో మొదటిసారి పైకి వెళ్లింది 1783లో. అంతకు ముందు రెండు వందల ఏళ్లుగా అచ్చయిన ఈ ఆకాశ దృశ్యాలన్నీ లెక్క వేసి గీసినవే. నేల మీద గొలుసులతో దూరాలు కొలిచారు, కోణాలు చూశారు, చర్చి గోపురం ఎక్కి వీధుల వరస రాసుకున్నారు. ఆ తరవాత బల్ల దగ్గర కూర్చుని, తాను ఎన్నడూ లేని చోట ఒక కన్ను పెట్టుకుని ఊరంతా గీశారు. ఇప్పుడు మనం ఫోన్‌లో ఉపగ్రహ చిత్రం తీసి చూసేసరికి ఇందులో గొప్పేముందని అనిపించవచ్చు. ఆ ఉపగ్రహ చిత్రాన్నీ 300 ఏళ్ల నాటి ప్లాన్‌నీ పక్కపక్కన పెట్టి చూడండి. నఫ్-బ్రిజాక్ లాంటి ఊరికైతే రెండూ దాదాపు అచ్చు గుద్దినట్టు సరిపోతాయి.

నఫ్-బ్రిజాక్ గురించి రెండు ముక్కలు. రైన్ నది అవతలి ఒడ్డున ఉన్న బ్రైజాక్ కోటని 1697 ఒప్పందంలో ఫ్రాన్స్ వదులుకోవలసి వచ్చింది. దానికి బదులుగా ఇవతలి ఒడ్డున, ఏమీ లేని చదును నేల మీద, కొత్త ఊరు కట్టమన్నాడు పద్నాలుగో లూయీ. గీసిచ్చినవాడు వోబాన్. ఎనిమిది కోణాల ఊరు, మధ్యలో పెద్ద చతురస్రం మైదానం, చదరంగం గళ్లలాగా వీధులు. ఇక్కడ తమాషా ఏమిటంటే మిగతా ఊళ్లకి ఊరు ముందు, బొమ్మ తరవాత. ఈ ఊరికి బొమ్మ ముందు, ఊరు తరవాత.

వోబాన్ పేరు ఎలాగూ వచ్చింది కాబట్టి చెప్పేస్తాను. పూర్తి పేరు సెబాస్తియన్ ల ప్రెస్త్ర్ ద వోబాన్. 1633లో పుట్టి 1707లో పోయాడు. కోటలు కట్టడమే కాదు, పడగొట్టడమూ ఆయన వృత్తే. యాభైకి అటూ ఇటూ ముట్టడులు నడిపాడు. 1673లో మాస్ట్రిక్ట్ దగ్గర, ఊరి చుట్టూ ఒకదాని లోపల ఒకటిగా సమాంతర కందకాలు తవ్వుకుంటూ దగ్గరికి చేరే పద్ధతిని మొదటిసారి పూర్తిగా వాడాడు. ముట్టడిని ఆయన లెక్కల పుస్తకం చేసేశాడు. మనకి పోలిక చెప్పాలంటే, ఔరంగజేబు 1687లో గోల్కొండ ముందు ఎనిమిది నెలలు కూర్చుని, చివరికి లోపలివాళ్లని డబ్బుతో లొంగదీసుకుని తలుపు తీయించుకున్నాడు. మరుసటి ఏడాది, 1688లో, వోబాన్ ఫిలిప్స్‌బర్గ్‌ని తవ్వుకుంటూ వెళ్లి సుమారు నెలరోజుల్లో లొంగదీశాడు. ఆయన కోటల్లో 12 చోట్లని కలిపి 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టారు. నఫ్-బ్రిజాక్ వాటిలో ఒకటి.

సరే, ఇంత రహస్యమైన విషయాలు కదా, కోట ప్లాన్లు అచ్చు వేసి బజార్లో అమ్మితే శత్రువు కొనుక్కోడా? నాకూ మొదట్లో ఇదే సందేహం. కొనుక్కుంటాడు, కొనుక్కున్నాడు కూడా. 1690లలో నికొలా ద ఫేర్ అనే ఆయన ఐరోపాలోని కోట ఊళ్ల ప్లాన్లని వరసగా అచ్చు వేసి అమ్మాడు. పుస్తకం పేరు తెలుగులో చెప్పాలంటే 'యూరప్ బలాలు' అనొచ్చు. అందులో ఫ్రాన్స్ ఊళ్లూ ఉన్నాయి, పక్క దేశాల ఊళ్లూ ఉన్నాయి.

కానీ ఆ కాగితంలో ఉన్నదేమిటి, లేనిదేమిటి అని చూడాలి. బురుజులు ఎన్ని, ఎటు తిరిగి ఉన్నాయి అన్నది ఉంటుంది. ఊరికి సరుకు అమ్మడానికి వచ్చిన ఏ బేరగాడైనా చెప్పగలిగిన విషయం అది. ముట్టడి చేసేవాడికి నిజంగా కావలసింది వేరే. ఏ దిక్కున నేల ఎంత ఎత్తు, ఫిరంగి ఏ దిబ్బ మీద పెడితే లోపలికి కనిపిస్తుంది, అగడ్త లోతెంత, వాలు ఎంత. అవి ఈ అచ్చుబొమ్మల్లో దొరకవు. అవి ఉన్నది ఇంకో చోట. 1668 నుంచి, యుద్ధ మంత్రి లూవ్వా చొరవతో, కోట ఊళ్లకి చెక్కతోనూ కాగితంతోనూ పట్టుతోనూ నమూనాలు చేయించడం మొదలుపెట్టారు. ఎక్కువ భాగం 600లో ఒక వంతు కొలతలో. ప్రతి ఇల్లూ, ప్రతి చెట్ల వరసా ఉంటుంది. ఊరితో ఆగకుండా ఫిరంగి గుండు చేరేంత దూరం వరకూ చుట్టుపక్కల పొలాలనీ గుట్టలనీ కూడా చేశారు. వాటిని లూవ్ర్‌లో పెట్టి, రాజు అనుమతి ఉంటే తప్ప ఎవరికీ చూపించలేదు. 1777లో ఇన్వాలిడ్ భవనానికి మార్చారు. 1815లో నెపోలియన్ ఓడిపోయాక పారిస్‌లోకి వచ్చిన ప్రష్యా సైన్యం ఆ నమూనాల్లో కొన్నిటిని బెర్లిన్‌కి పట్టుకుపోయింది. ఏది రహస్యమో, ఏది కాదో అందులోనే తెలిసిపోతోంది కదా.

అయితే మరి అచ్చుబొమ్మలు ఎందుకు వేశారు? చూపించుకోవడానికి. బోల్యు అనే ఒక సైనిక ఇంజనీరు ఉండేవాడు. పద్నాలుగో లూయీ కాలంలో సైన్యం వెంట తిరుగుతూ ముట్టడులని గీశాడు. 1644లో ఇందాక చెప్పిన ఫిలిప్స్‌బర్గ్ దగ్గరే ఒక చెయ్యి పోగొట్టుకున్నాడు. ఆయన బొమ్మల సంపుటి పేరుకి అర్థం 'మహా లూయీ ఘన విజయాలు'. పేరే చెప్పేస్తోంది. 1660లలో ఇజ్రాయెల్ సిల్వెస్త్ర్‌ని రాజుగారు లొరెయిన్ వైపు పంపించి మెట్జ్, వెర్దన్, మార్సాల్ లాంటి ఊళ్లని గీయించారు. అవన్నీ ఫ్రాన్స్ చేతికి ఆ శతాబ్దంలోనో, అంతకు కాస్త ముందో వచ్చిన ఊళ్లు. కొత్తగా ఆస్తి కొన్నవాడు సర్వేయర్‌ని పంపించినట్టు.

ఇప్పుడు లీల్ చూడండి. ఇది 1667 దాకా స్పెయిన్ వాళ్ల చేతిలో ఉన్న నెదర్లాండ్స్ ఊరు. ఆ ఏడాది లూయీ ముట్టడించి పట్టుకున్నాడు. వాన్ డెర్ మ్యూలెన్ అనే చిత్రకారుడి బొమ్మల మీద ఆధారపడి చెక్కిన ఎన్‌గ్రేవింగ్‌లలో ఒక అలవాటు గమనించండి. ముందు భాగంలో ఒక గుట్ట ఉంటుంది. గుట్ట మీద గుర్రాలెక్కిన పెద్దమనుషులు, ఎవరో చెయ్యి చాపి ఊరి వైపు చూపిస్తుంటారు. ఊరు దూరంగా, చిన్నగా, బుద్ధిగా కూర్చుని ఉంటుంది. ఇప్పుడు మన ప్రశ్న వేయండి. గీసినవాడు ఎక్కడ నిలబడ్డాడు? ముట్టడి చేసేవాళ్ల పక్కన. బొమ్మ కొనుక్కుని చూస్తున్న మనల్ని కూడా అక్కడే నిలబెట్టాడు.

తరవాత లీల్ ప్లాన్ చూడండి. ఊరు పట్టుకున్న వెంటనే, 1668లో, వోబాన్ ఊరి అంచున అయిదు కోణాల కోట కట్టడం మొదలుపెట్టాడు. దాన్ని కోటల రాణి అని పిలుచుకున్నారు. ప్లాన్‌లో ఆ నక్షత్రాన్ని వేలితో తిప్పి చూడండి. కొన్ని కొనలు బయట పొలాల వైపు ఉన్నాయి. మిగతావి ఊరి వైపే ఉన్నాయి. ఊరికీ కోటకీ మధ్య ఇళ్లు లేకుండా పెద్ద ఖాళీ స్థలం వదిలేశారు. అదేదో పార్కు కోసం కాదండీ, కాల్పులకి అడ్డు లేకుండా. కొత్తగా లొంగిన జనం మీద నమ్మకం లేదన్నమాట. ఈ విషయం పక్కనుంచి గీసిన అందమైన ప్రొఫీల్‌లో ఎక్కడా దొరకదు. ప్లాన్ గీసినవాడు దాన్ని దాచలేకపోయాడు, లేదా దాచాలని అనుకోలేదు.

ఇంకొక ఊరు. ల రోషెల్. అట్లాంటిక్ ఒడ్డున ప్రొటెస్టెంటుల రేవు పట్టణం. 1627లో పదమూడో లూయీ, ఆయన మంత్రి కార్డినల్ రిషెల్యూ ఆ ఊరిని చుట్టుముట్టారు. నేల వైపు కందకాలు తవ్వారు. సముద్రం వైపు నుంచి ఇంగ్లీషు ఓడలు సాయం తేకుండా రేవు నోటికి అడ్డంగా సుమారు ఒకటిన్నర కిలోమీటరు పొడవున రాళ్లూ, ముంచేసిన ఓడలూ వేసి కట్ట కట్టారు. 1628 అక్టోబరు చివర్లో ఊరు లొంగింది. ముట్టడి మొదట్లో ఊళ్లో సుమారు 27,000 మంది. తలుపులు తెరిచేసరికి మిగిలింది 5,000 మంది ప్రాంతం. చాలామంది ఆకలితో పోయారు.

ఈ ముట్టడిని ఎన్‌గ్రేవింగ్‌గా చెయ్యమని రాజు జాక్ కాలోని అడిగాడు. కాలో ఆ కాలంలో ఈ విద్యలో మొనగాడు. ఆరు పెద్ద రేకులు. ఆరు కాగితాలూ పక్కపక్కన అతికిస్తే గోడంత బొమ్మ. కట్ట, ఓడలు, డేరాలు, చీమంత సైజులో వందల మంది సైనికులు. చూస్తూ ఉంటే గంట గడిచిపోతుంది, అంత పని ఉంది అందులో. కానీ ఊరి గోడ లోపల ఏం జరిగిందన్నది బొమ్మ చెప్పదు. అది రాజుగారి విజయం బొమ్మ. లొంగిన తరవాత రాజు ఆ ఊరి నేల వైపు గోడలన్నీ కూలగొట్టించాడు. రేవు దగ్గర బురుజులు మాత్రం మిగిలాయి, ఇవాళ పర్యాటకులు ఎక్కేవి అవే. ఊరి గోడలు పోయి, గోడల బొమ్మలు మిగిలాయి.

కాలో కథ ఇంకొంచెం ఉంది. ఆయన సొంత ఊరు నాన్సీ. అప్పట్లో అది ఫ్రాన్స్ కాదు, లొరెయిన్ ప్రభువుల రాజధాని. 1633లో అదే రాజు నాన్సీని పట్టుకున్నాడు. ఆ ముట్టడిని కూడా చెక్కమని కాలోని పిలిపించి అడిగాడనీ, నా ప్రభువుకీ నా ఊరికీ వ్యతిరేకంగా ఏదీ చెయ్యను, కావాలంటే బొటనవేలు కోసేసుకుంటానని ఆయన జవాబిచ్చాడనీ ఫెలిబియన్ అనే రచయిత ఆ శతాబ్దంలోనే రాశాడు. మాటలు సరిగ్గా అవేనా అన్నది పక్కన పెట్టండి, ఇలాంటి కథలు చేతులు మారుతూ పెరుగుతాయి. నాకు ముఖ్యమనిపించేది వేరే. ఊరి బొమ్మ గీయడం అంటే ఒక పక్షాన నిలబడటమేనని ఆ రోజుల్లో అందరికీ తెలుసు. తెలియకపోతే ఆ కథ పుట్టేదే కాదు. అదే 1633లో కాలో యుద్ధం వల్ల మామూలు జనం పడే బాధల మీద చిన్న చిన్న బొమ్మల వరస ఒకటి అచ్చు వేశాడు. ఇళ్లు దోచడం, ఊళ్లు తగలబెట్టడం, చెట్టుకి ఉరితీసిన మనుషులు. ల రోషెల్ బొమ్మలో లేనిది కొంత అక్కడ కనిపిస్తుంది.

ఈ బొమ్మలు ఎలా తయారయ్యేవో త్వరగా చెప్తాను. రాగిరేకుని నున్నగా సాన పడతారు. ఒక పద్ధతిలో ఉక్కు ఉలితో రేకుని నేరుగా చెక్కుతారు. ఇంకో పద్ధతిలో రేకుకి మైనం లాంటి పూత పూసి, దాని మీద సూదితో గీసి, ఆమ్లంలో పెడతారు. గీసిన చోట్ల ఆమ్లం రాగిని తినేస్తుంది. కాలో ఆ మెత్తటి పూతకి బదులు, వీణలాంటి తంత్రీవాద్యాలు చేసేవాళ్లు వాడే గట్టి వార్నిష్ వాడాడు. అందుకే ఆయన గీతలకి అంత పదును. రేకుకి సిరా రాసి, పైపైన తుడిచేస్తే గీతల్లో మాత్రం సిరా మిగులుతుంది. తడి కాగితం పెట్టి రోలర్ల మధ్య గట్టిగా నొక్కితే కాగితం ఆ సిరాని పీల్చుకుంటుంది. రేకు మీద అంతా కుడిఎడమలు తిరగేసి చెక్కాలి, అక్షరాలతో సహా. వేరేవాళ్ల బొమ్మని చూసి యథాతథంగా రేకు మీదకి ఎక్కించుకున్న బద్ధకస్తుల అచ్చుల్లో ఊరంతా అద్దంలో చూసినట్టు తిరగబడిపోయి, కుడివైపు పోవలసిన నది ఎడమవైపుకి పోతుంది.

కాపీ కొట్టడం అప్పట్లో మామూలే. 1493లో న్యూరెంబర్గ్‌లో అచ్చయిన లోకచరిత్ర గ్రంథంలో 1,809 బొమ్మలుంటే వాటికి వాడిన చెక్క అచ్చులు 645 మాత్రమే. ఒకే ఊరి బొమ్మని పేరు మార్చి నాలుగైదు ఊళ్లకి వాడేశారు. బ్రౌన్, హోగెన్‌బెర్గ్ అనే ఇద్దరు 1572 నుంచి 1617 దాకా కొలోన్ నుంచి ఆరు సంపుటాల నగరాల పుస్తకం తెచ్చారు. వాళ్ల బొమ్మల్లో ముందువైపు స్థానిక వేషాల్లో మనుషులు నిలబడి ఉంటారు. ఎందుకో తెలుసా? తుర్కీవాళ్లు తమ మతాచారం వల్ల మనుషుల బొమ్మలున్న కాగితాన్ని చూడరనీ, అందువల్ల మా పుస్తకం శత్రువుకి పనికిరాదనీ బ్రౌన్ ముందుమాటలోనే రాసుకున్నాడు! ఇంతకంటే అమాయకమైన కోట రక్షణ పద్ధతి నేనైతే వినలేదు.

చాలామంది అడిగేది, పాతదో కొత్తదో ఎలా తెలుస్తుందని. కాగితాన్ని వెలుతురుకి అడ్డంగా పెట్టి చూడండి. పాత చేతికాగితంలో దగ్గర దగ్గరగా సన్నటి గీతలు, వాటికి అడ్డంగా దూరదూరంగా ఇంకొన్ని గీతలు, ఒక్కోసారి కాగితం చేసినవాడి గుర్తూ కనిపిస్తాయి. ఈ గీతలు లేని నున్నటి కాగితం 1750ల తరవాతే వచ్చింది. కాబట్టి దాని మీద ఉన్న బొమ్మ 1634 నాటి అచ్చు కాలేదు. మహా అయితే పాత రేకుతో తరవాతెప్పుడో వేసింది. బొమ్మ చుట్టూ రేకు అంచు కాగితంలోకి నొక్కుకుపోయిన గుర్తుండాలి. భూతద్దంలో చూస్తే గీతలకి బదులు చుక్కలు కనిపిస్తే అది ఈ కాలం ప్రింటు. మధ్యలో మడత ఉంటే కంగారు పడకండి, అట్లాసులో కట్టిన కాగితానికి మడత ఉండటం సహజం. రంగులు చూసి మాత్రం మోసపోకండి. ఎన్నో బొమ్మలు నలుపు తెలుపులోనే బయటికొచ్చాయి. అమ్మకం కోసం తరవాత ఎవరో రంగులు వేశారు.

మడత అంటే గుర్తొచ్చింది. ఆ కాగితం అట్లాసులో ఉండాలి కదా, విడిగా ఎందుకు ఉంది? చాలాసార్లు జవాబు ఏమిటంటే, ఎవరో వ్యాపారి పుస్తకం కుట్టు విప్పేసి, ఒక్కో కాగితాన్నీ విడిగా అమ్ముకున్నాడు. మొత్తం పుస్తకం కొనే మనిషి ఒక్కడు దొరకడం కష్టం. తన సొంత ఊరి బొమ్మ కొనుక్కునేవాళ్లు వందమంది దొరుకుతారు. వ్యాపారం లెక్క అదీ. నాకు ఇది అస్సలు మింగుడు పడదు. పుస్తకంలో ఉన్నప్పుడు ఆ ఊరు ఏ వరసలో వస్తోంది, పక్కన ఏ ఊరుంది, ముందుమాటలో ఎవరికి అంకితం ఇచ్చారు అన్నవన్నీ కలిసే మన ప్రశ్నకి జవాబు చెప్తాయి. విడగొట్టాక ఒక అందమైన ఊరు మిగులుతుంది, గీసినవాడు నిలబడ్డ చోటు చెరిగిపోతుంది. మీరు కొనాలనుకుంటే వద్దనను. కనీసం ఆ కాగితం ఏ పుస్తకంలోది, ఏ ముద్రణలోది అని అమ్మేవాణ్ణి అడిగి, వెనకవైపు అచ్చు అక్షరాలుంటే అవేమిటో కూడా చూసి కొనండి.

ఒక మాట సరదాకి. 'బౌలెవార్డ్' అనే మాట డచ్చి భాషలో కోటబురుజుకి ఉన్న మాట నుంచి వచ్చింది. పద్నాలుగో లూయీ 1670 నుంచి పారిస్ గోడలు తీసేయించి ఆ కట్టల మీద చెట్లు నాటి వెడల్పాటి దారులు వేయించాడు. ఆ పేరు అలాగే నిలిచిపోయింది. తరవాతి కాలంలో చాలా ఊళ్లకి అదే గతి పట్టింది. ఆ ఊళ్ల ఈనాటి మ్యాపులో రింగు రోడ్డు ఎందుకు అలా వంకర తిరిగిందో పాత ప్లాన్ పక్కన పెడితే కానీ తెలియదు.

మన వైపు సంగతి కూడా చెప్పాలి. ఈ నక్షత్రం కోటలు ఫ్రాన్స్‌తో ఆగలేదు. పుదుచ్చేరిలో ఫ్రెంచి కంపెనీవాళ్లు పద్ధెనిమిదో శతాబ్దం మొదట్లో అయిదు కోణాల కోట కట్టారు, ఫోర్ట్ లూయీ అని. వోబాన్ కట్టిన తూర్నె కోట దానికి నమూనా. ఇందాకటి నికొలా ద ఫేర్ పారిస్‌లో కూర్చుని పుదుచ్చేరి ప్లాన్ కూడా అచ్చు వేశాడు. అదే రకం గీతలు, అదే రకం నక్షత్రం, చుట్టూ మాత్రం కోరమండల్ తీరం. అక్కడ వీధుల్లో తిరిగిన నేతగాళ్లూ దుబాసీలూ ఆ కాగితంలో లేరు. ఫ్రెంచివాళ్లకి మచిలీపట్నంలోనూ యానాంలోనూ కూడా స్థావరాలుండేవి, యానాం అయితే 1954 దాకా వాళ్ల చేతిలోనే ఉంది. 1761లో ఇంగ్లీషువాళ్లు పుదుచ్చేరిని పట్టుకుని ఫోర్ట్ లూయీని నేలమట్టం చేశారు. ఇప్పుడు మీరు పుదుచ్చేరి వెళ్తే ఆ కోట కనపడదు. దాన్ని చూడాలంటే ఆ పాత కాగితాలే దిక్కు.

ఇందులో చాలా బొమ్మలు మీరు డబ్బు పెట్టకుండానే చూడొచ్చు. ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వాళ్ల డిజిటల్ లైబ్రరీ, గాలికా, అందులో తాస్సాన్, ద ఫేర్ పేర్లు కొట్టండి. పెద్దది చేసి చూస్తే సూదిగీతలు కూడా కనిపిస్తాయి. ఎప్పుడైనా పారిస్ వెళ్తే ఇన్వాలిడ్‌లో ఆ చెక్క నమూనాల మ్యూజియం ఉంది. కొన్ని లీల్ మ్యూజియంలో ఉన్నాయి. లీల్‌లో చూసి బయటికొస్తే, వోబాన్ కట్టిన అసలు కోట నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంటుంది.